ఐరిష్ కెమెరా ముందు రూతమ్మ సాక్ష్యం

రూతమ్మను కూర్చోబెట్టి మాట్లాడించడం ఎవరి వల్లా కాదు. "కూకుంటే నడుం పట్టేత్తాదండీ" అంటుంది. నిజానికి నడుం బాగానే ఉంది. తమ్ముడు తోమా పోయిన దగ్గర్నుంచి ఆవిడ ఒకచోట నిలవడం మానేసింది, అంతే. అన్నం నిలబడి తింటుంది. తుడిచిన గచ్చునే మళ్ళీ తుడుస్తుంది. మడిచిన దుప్పట్లు విప్పి మళ్ళీ మడుస్తుంది. ఇది 1987 నాటి మాట. సౌదీకి సముద్రం మీద వంతెన తెరిచి కొన్ని నెలలే అయింది. ఎండలు ఇంకా ముదరలేదు.

ఊరు రాజోలు పక్కన ఒక పేట. భర్త పోయాక, పెంకుటింటి మీద మిగిలిన పెంకులు కూడా జారిపోతుంటే, ఏజెంటు మాట నమ్మి బహ్రెయిన్ వచ్చింది. ఆవిడకు వీసా ఇచ్చిన కఫీల్‌కు బుసైతీన్‌లో మేడ ఉంది. దాన్ని విదేశాల వాళ్ళకు అద్దెకిస్తాడు. ఇంటితోపాటు ఫ్రిజ్జు, చల్లగాలి మిషన్లు, రూతమ్మ. అద్దెకుండే వాళ్ళు మారతారు, సామాను మారదు. అప్పట్లో ఆ ఇంట్లో ఉన్నది ఐర్లాండు నుంచి వచ్చిన మోరీన్ అనే నర్సు, ఎయిర్‌పోర్టులో ఇంజనీరుగా పనిచేసే ఆమె భర్త.

తుబ్లీలో అదే కఫీల్‌కు బిల్డింగు కాంట్రాక్టుల యార్డు ఉంది. తోమాకు అక్కడ పని ఇప్పించింది రూతమ్మే. "మా తమ్ముడండీ, బలే పనోడు" అని కఫీల్ ఇంటి ఆడవాళ్ళను పట్టుకుని బతిమాలి తెప్పించుకుంది. వచ్చిన రెండో వేసవిలో, జూలైలో, మిట్ట మధ్యాహ్నం ఒక గోడౌను కప్పు మీద తారు పరుస్తూ అతను పడిపోయాడు. కాగితంలో గుండె ఆగిందని రాశారు. మంచిదే, ఎవరు పోయినా గుండె ఆగే పోతారు. కాగితంతో పని అయిపోలేదు. కూలీల క్యాంపు చూసుకునే మేనేజరు "స్పిరిట్ తాగి ఎక్కాడు" అని ఒక మాట వదిలాడు. ఆ మాట శవపేటికకంటే ముందు పేటకు చేరింది. తోమా తాగుడెరగని మనిషి, క్రిస్మసుకు పేటలో పాటలు ఎత్తుకునేవాడు. అతణ్ణి ఒక్క పాట కూడా పాడకుండా పూడ్చారు. అక్కడి సంఘపెద్దలు వద్దన్నారు. రూతమ్మ పెట్టె వెంట వెళ్ళలేదు, వెళ్ళనివ్వలేదు. సెలవు వరస రాలేదన్నాడు కఫీల్.

ఇక్కడ ఒక ఆచారం సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

బహ్రెయిన్‌లో తెలుగు క్రైస్తవుల కూటం శుక్రవారం జరుగుతుంది. ఆదివారం డ్యూటీ కాబట్టి ప్రభువు దినం శుక్రవారానికి జరిగింది. సనాబిస్‌లో ఒక మేడ మీద గది. పాటలు, వాక్యం, ఆ తర్వాత సాక్ష్యాలు. సాక్ష్యం చెప్పేవాళ్ళు లేచి నిలబడతారు. కళ్ళు మూసుకుని "అందరికీ ప్రభువు పేరున వందనాలు" అంటారు. తమ బతుకులో జరిగింది, జరిగినట్టు చెబుతారు. రోగం చెబుతారు, ఏడుపు చెబుతారు, ఎవరు తిట్టారో ఎవరు అన్నం పెట్టారో పేర్లతో చెబుతారు. ఆఖరికి దేవుడికి స్తోత్రం అని కూర్చుంటారు. మధ్యలో ఎవరూ ఆపకూడదు. అన్నిటికంటే ముఖ్యం, సాక్ష్యంలో అబద్ధం ఉండకూడదు. బయట ఎన్ని అబద్ధాలాడినా సరే, లేచి కళ్ళు మూసుకున్నాక ఆడకూడదు.

తమ్ముడు పోయాక రూతమ్మ ఒక్క శుక్రవారం కూడా సాక్ష్యానికి లేవలేదు. లేస్తే తోమా సంగతి చెప్పాలి. కూటాన్ని నడిపే సంఘపెద్ద ఎలియేజరు తుబ్లీ యార్డులోనే టైమ్‌కీపరు. మెదకు వైపు మనిషి, నెమ్మదస్తుడు. తోమాకు స్నానం చేయించి, పెట్టెలో పెట్టి, విమానం దాకా వెళ్ళింది ఆయనే. ఆయన ముందు ఏమని చెబుతుంది? అక్కడ యార్డు వాళ్ళే పదిమంది ఉంటారు. అందుకని కూటంలో కూడా వెనక గోడకు ఆనుకుని నిలబడి, సాక్ష్యాలు మొదలవగానే టీ నీళ్ళు పెట్టే నెపం మీద బయటికి పోయేది.

ఆ ఏప్రిల్‌లో మోరీన్ చెల్లెలు నోరా వచ్చింది. భుజాన వీడియో కెమెరా, పెట్టె నిండా క్యాసెట్లు. నోరా సినిమాలు తీసే మనిషి. ఆటపాటల సినిమాలు కావు, ఉన్న మనుషుల్ని ఉన్నట్టు తీసేవి. అదీ వాళ్ళ భాషలో. తెల్లవాళ్ళంతా ఇంగ్లీషువాళ్ళే అనుకుంటున్న రూతమ్మకు ఇది వింత. అక్కాచెల్లెళ్ళు బల్ల దగ్గర కూర్చుని గబగబా మాట్లాడుకుంటుంటే ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఇది ఇంగిలీసు కాదాండీ?"

"కాదు. ఇది మాది, ఐరిష్" అంది నోరా. "మా పడమటి ఒడ్డున కొన్ని ఊళ్ళలోనే మిగిలింది. మా తాత కాలంలో బళ్ళో ఈ భాష మాట్లాడితే కొట్టేవాళ్ళు."

"తెల్లోళ్ళని కూడా కొడతారా!" అంది రూతమ్మ. నోరా పొట్ట పట్టుకుని నవ్వింది.

వాళ్ళ ఊరి నుంచి గల్ఫు దేశాలకు పనికి వచ్చినవాళ్ళ మీద సినిమా తీద్దామని నోరా వచ్చింది. మోరీన్ వాళ్ళలో ఒకతె. రోజూ మధ్యాహ్నం నోరా తన పాత సినిమాలు టీవీలో పెట్టుకుని చూస్తుండేది. రూతమ్మ అదే గదిలో ఇస్త్రీ చేసేది. ఇస్త్రీ అయితే నిలబడే చేయొచ్చు.

ఆ సినిమాల్లో వాన ఎప్పుడూ ఆగదు. రాళ్ళ ఒడ్డు. ఆడవాళ్ళు, మగవాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కొడవళ్ళతో సముద్రపు నాచు కోస్తారు. కారుతున్న బుట్టలు వీపున కట్టుకుని గట్టెక్కుతారు. ఆ నాచే వాళ్ళ ఇంత ఇంత మడులకు ఎరువు. వయసు మగపిల్లలు ఎక్కడా కనిపించరు. ఇంగ్లండులో రోడ్లకీ సొరంగాలకీ తవ్వకం పనికి పోయారంది నోరా. రూతమ్మ ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే చూసింది. పేరుకు దొరల దేశం. పేట ఎక్కడైనా పేటే.

ఒక సినిమాలో ముసలామె కెమెరాకేసి చూడకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఏడ్చింది, ముక్కు తుడుచుకుంది, మళ్ళీ మాట్లాడింది. ఎవరూ ఆపలేదు. ఆఖరికి గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది.

"ఏటంటంది?"

"ఆమె కొడుకు లండన్‌లో మట్టి విరిగి పడి చనిపోయాడు. తాగి కందకంలో దిగాడని అన్నారట పని పెట్టినవాళ్ళు. ఆమె ఒప్పుకోదు. ఆ పొద్దున ఇంటికి ఫోను చేసి మాట్లాడాడు, తాగలేదు అంటుంది."

రూతమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె ఇంజనీరుగారి చొక్కా మీదే ఉండిపోయింది. కాలిన వాసన వచ్చేదాకా ఇద్దరూ చూడలేదు.

"ఆవిడ సెప్పేది సాచ్చెవా?" అని అడిగింది. ఇంగ్లీషులో ఆ మాట రాక చేతులతో చూపించింది. లేచి నిలబడటం, కళ్ళు మూసుకోవడం, పైకి చూపించడం. నోరాకు పూర్తిగా అర్థం కాలేదు. అయినా "అవును, అలాంటిదే" అంది.

ఆ ఒక్క అవునుతోనే అంతా మొదలైంది.

కొన్నాళ్ళ తర్వాత నోరా ఒక మాట అంది. అక్క ఇంట్లో రోజంతా ఉండే మనిషిని వదిలేసి అక్క బతుకును సినిమా తీస్తే అది సగమే. "నీ గురించి చెప్పు రూతమ్మా. నీ భాషలో చెప్పు. ఇంగ్లీషు వద్దు. కింద మా భాషలో అక్షరాలు వేసుకుంటాం."

ఇంకెవరైనా అయితే పేరు, ఊరు, పిల్లలు, ఇక్కడ బాగుంది అని చెప్పి సిగ్గుపడేవాళ్ళు. రూతమ్మ సినిమా అనుకోలేదు. ముసలామె చెప్పినట్టు సాక్ష్యం చెప్పమంటున్నారనుకుంది. స్నానం చేసి వచ్చింది. కూటానికి కట్టుకెళ్ళే తెల్ల చీర కట్టింది. నెత్తిన ముసుగు వేసుకుంది. మేడ మీద ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి, నోరా కెమెరా తిప్పగానే కళ్ళు మూసుకుంది.

"అందరికీ పెబువు పేరున వందనాలండీ" అని మొదలుపెట్టింది.

నోరాకు తెలుగు రాదు. అయినా ఆపలేదు. క్యాసెట్ అయిపోయేదాకా తిప్పుతూనే ఉంది. రూతమ్మ పేట గురించి చెప్పింది. భర్త గురించి చెప్పింది. తమ్ముణ్ణి రమ్మని పిలిచింది తనేనని చెప్పింది. గోడౌను కప్పు మీద నీడ లేదని చెప్పింది. పొద్దుటి నీళ్ళు పదింటికే అయిపోయాయని, అడిగితే యల్లా యల్లా అని తరిమారని, కప్పు మీద అతనితో పనిచేసిన వాళ్ళు తనకు చెప్పిన మాటే చెప్పింది. "మా తోమా తాగలేదండీ. వడదెబ్బకి పోయాడు. తాగుబోతని పూడ్సీసేరు. నేనాడి మొకం సూళ్ళేదు. ఇదే నా సాచ్చెం, దేవుడికి స్తోత్రం" అని కళ్ళు తెరిచింది. ఆ సాయంత్రం అన్నం కూర్చుని తింది. మోరీన్ గమనించి చెల్లెలికి చెప్పింది.

తప్పు ఆ తర్వాత జరిగింది, అదీ రూతమ్మ నోటితోనే. ఇది ఇంగ్లీషులోకి ఎవరు మార్చి చెబుతారని నోరా అడిగితే, "మా సంఘపెద్దగారున్నారుగా, బలే ఇంగిలీసండి" అంది. సాక్ష్యం విన్నవాళ్ళు దాన్ని మార్చకూడదు, అందులోనూ సంఘపెద్ద అసలు మార్చడు. ఆవిడకు అందులో అనుమానం కూడా రాలేదు.

గురువారం మధ్యాహ్నం ఎలియేజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. నోరా గదిలో చెవులకు యంత్రం పెట్టుకుని మొత్తం విన్నాడు. రూతమ్మ తలుపు దగ్గర టీ పట్టుకుని నిలబడింది. ఆయన మొహం ఎర్రబడింది, తర్వాత చెమట పట్టింది. యంత్రం తీసి, కళ్ళద్దాలు తుడుచుకుని, నోరాకు మెల్లిగా ఇంగ్లీషులో చెప్పాడు. నోరా రాసుకుంది. టీ తాగకుండానే డ్యూటీ ఉందని వెళ్ళిపోయాడు.

నోరా ఆ కాగితంకేసి చూస్తూ ఉండిపోయింది. "రూతమ్మా, నువ్వు అంతసేపు మాట్లాడావు. ఏడ్చావు. ఆయన నాకు మూడు ముక్కలు ఇచ్చాడు."

"ఏటిచ్చాడండీ?"

నోరా నిదానంగా చదివింది. నేను ఆంధ్ర నుంచి వచ్చాను. నా తమ్ముడు అనారోగ్యంతో పోయాడు. దేవుడి దయవల్ల ఇక్కడ సంతోషంగా ఉన్నాను.

హ్యాపీ అనే మాట రూతమ్మకు వచ్చు. మేడంను పుట్టినరోజుకి పలకరించే మాట అది. తను కళ్ళు మూసుకుని చెప్పిన దాని చివర హ్యాపీ ఎక్కడినుంచి వచ్చిందో తెలియక, మళ్ళీ చదవమంది. నోరా మళ్ళీ చదివింది.

ఆ పూట రూతమ్మ మేడ మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగిందో. ఎండని బట్టలు తీసింది, తడివే మడిచింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. "ఏమైంది?" అని మోరీన్ అడిగితే "నథింగ్ మేడం" అని, మరుక్షణం "సంథింగ్ మేడం" అని, పెరట్లోకి పోయింది.

మర్నాడు శుక్రవారం. సనాబిస్‌లో కూటం మొదలవకముందే జీవమ్మ ఎదురొచ్చింది. అక్కడికి దగ్గర్లోనే ఒక అరబ్బు ఇంట్లో పనిచేస్తుంది. ఊరు నరసాపురం, నోటికి తాళం లేదు.

"ఏమే వొదినా, సినేమా తారవయిపోయేవంట! ఈరో ఎవడే?"

"నోర్ముయ్యే జీవమ్మా."

"అబ్బో, తారలకి కోపం బలే వస్తాది" అంటూనే రూతమ్మ మొహం చూసి గొంతు తగ్గించింది. విన్నది. విని, "వొదినా, ఎలీజరన్న నీ మేలుకోరే సేసుంటాడే. కఫీలికి తెలిస్తే నీ సామాను గేటు బయటుంటాది" అంది.

"నా సామానేటుందే? ఓ పెట్టి."

"మరి పాస్‌పోర్టు? కఫీలు బీరువాలో ఉందిగా."

రూతమ్మ మెట్లెక్కింది. ఎలియేజరు చాపలు పరుస్తున్నాడు. గదిలో ఇంకా ఎవరూ లేరు.

"అన్నా, నేను సంతోసంగా ఉన్నానని నీకెప్పుడు సెప్పేను?"

ఆయన చాప వదిలి లేచాడు. "కూసో చెల్లె."

"కూకోను."

"చెల్లె, జర సోంచాయించు. గా సినిమా టీవీల ఏస్తరు. ఎవడో ఒకడు జూస్తడు. కఫీల్‌కు ఎర్కైతది. నిన్ను రేపే పంపిస్తడు. గీ రూముకు పర్మిషన్ కాయితమున్నదా? లేదు. ఒక్కడు ఫోన్ జేస్తె కూటం ఖలాస్. నలపై మందిమి ఎక్కడ కూసుంటం?"

"అందుకని నా నోట్లో అబద్దం పెడతావా? కళ్ళు మూసుకుని సెప్పేనన్నా. సాచ్చెంలో అబద్దమాడితే ఏటవుద్దో నువ్వేగా మాకు సెప్పేది!"

"నేను అబద్ధం చెప్పలే. తక్కువ చెప్పిన."

"ఆ సంతోసం తక్కువా? అది నేనన్లేదే!"

కింద చెప్పుల చప్పుడైంది, జనం వస్తున్నారు. "నీకు ముందు నుంచి తెల్సు" అంది రూతమ్మ. "స్నానం సేయించింది నువ్వు. ఆడి నోటికాడ వాసనుందా?"

"లేదు."

"మరి మా ఊరోళ్ళకి ఎందుకు సెప్పలేదు?"

జనం లోపలికి వచ్చేశారు. వందనాలు, వందనాలు. ఆ రోజు సాక్ష్యాల వేళ రూతమ్మ గదిలోనే ఉంది. లేవలేదు, ఎందుకంటే అసలు కూర్చోలేదు. గోడ పక్కన నిలబడి ఎలియేజరునే చూసింది. ఆయన సాక్ష్యాలు త్వరగా ముగించి ప్రార్థన చేశాడు.

సాయంత్రం నోరాకు జరిగింది చెప్పింది. వచ్చిన ఇంగ్లీషూ, చేతులూ, కన్నీళ్ళూ అన్నీ కలిపి చెప్పేసరికి నోరాకు చాలావరకు అందింది. మోరీన్ కూడా విన్నది. అక్కాచెల్లెళ్ళు వాళ్ళ భాషలో చాలాసేపు వాదించుకున్నారు. తర్వాత నోరా రూతమ్మ చెయ్యి పట్టుకుంది.

"నిన్ను ఇబ్బందిలో పెట్టను. ఆ ముక్క సినిమాలోంచి తీసేస్తాను. లేదా నీ మొహం కనబడకుండా, గొంతు మాత్రం ఉంచుతాను."

రూతమ్మ చెయ్యి లాగేసుకుంది.

అందరూ మంచివాళ్ళే. ఎలియేజరు మంచివాడు, జీవమ్మ మంచిది, నోరా మంచిది. రూతమ్మకు ఏమీ కాకూడదనే అందరి తాపత్రయం. కాకూడదంటే ఏం చేయాలి? రూతమ్మ నోరు మూయాలి. తోమాను కప్పు మీదికి తరిమిన వాళ్ళకు ఇంత శ్రమ కూడా లేదు. వాళ్ళు ఆవిడను బెదిరించనే లేదు. వాళ్ళ పని మంచివాళ్ళు చేసిపెడుతున్నారు. గల్ఫులో మన వాళ్ళు ఎంతమంది ఇలా పోయారో లెక్క దొరకదు కానీ, ఎందుకు దొరకదో మాత్రం చెప్పొచ్చు. మంచితనం కప్పిన దుప్పటి కింద ఉంది ఆ లెక్క.

"ఆ ముసలామెకి మొకం ఉందిగా" అంది రూతమ్మ.

"ఆమె మా ఊళ్ళో ఉంది. ఎవరూ ఏమీ చేయలేరు. నీ సంగతి వేరు."

"ఆవిడ మొకం తీసేస్తే మీరు ఊరుకుంటారా?"

మోరీన్ కల్పించుకుంది. "రూతమ్మా, ఈ ఇల్లు ఆయనది. ఆయన నిన్ను పంపిస్తే మేం ఆపలేం. అది తెలిసే మాట్లాడుతున్నావా?"

"తెల్సు మేడం. నన్ను పంపిస్తే మా ఊరే కదా పంపిస్తాడు. మా తమ్ముణ్ణి తాగుబోతన్న ఊరు. ఆళ్ళకేం సెప్పాలి నేను? ఆరేళ్ళుండి, నా తమ్ముడి గురించి ఒక్క సోట కూడా నిజం సెప్పకుండా వచ్చేనని సెప్పనా?"

నోరా అక్కకేసి చూసింది. మోరీన్ కుర్చీ జరిపి లేచి వంటింట్లోకి వెళ్ళింది. అక్కడినుంచే చెల్లెలితో, రూతమ్మకు కూడా అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే, "ఆమె చెప్పినట్టు చెయ్యి" అంది.

శనివారం మధ్యాహ్నం పని మొదలైంది. ఎలియేజరు అక్కర్లేదంది రూతమ్మ. తనే మార్చి చెబుతానంది. నోరా టీవీలో ఒక ముక్క వేసి ఆపుతుంది. తెర మీద ముసుగు వేసుకున్న రూతమ్మ ఆగిపోతుంది. పక్కన నిలబడ్డ రూతమ్మ దాన్ని ఇంగ్లీషు చేస్తుంది.

"మై బ్రదర్ తోమా. వెరీ గుడ్ మ్యాన్. సాంగ్స్, చర్చ్. ఐ కాలింగ్ హిమ్. ఐ సే కమ్, కమ్."

నోరా రాసుకుంది. మోరీన్ పక్కన కూర్చుని, చెల్లెలు తడుముకున్న చోట ఐరిష్ మాట అందించింది. తెలుగు ఇలా నలిగిన ఇంగ్లీషులోంచి దాటి, ఎవరో ఎప్పుడో బళ్ళో కొట్టినా చావని ఇంకో భాషలోకి పోతోంది. నిదానంగా సాగింది. రూతమ్మకు మాట రాని చోట గోడౌను కప్పు చేత్తో చూపించింది, తారు డబ్బా చూపించింది, యల్లా యల్లా అని తరిమినవాడి నడక నడిచి చూపించింది. ఆ నడక చూసి నోరా నవ్వబోయి ఆగింది.

అప్పుడే గేటు చప్పుడైంది. ఎలియేజరు. పొద్దున రూతమ్మ జీవమ్మకు ఫోనులో చెప్పిన మాట ఆయన దాకా పోయినట్టుంది. డ్యూటీ మధ్యలో వచ్చాడు, యార్డు టోపీ ఇంకా నెత్తిమీదే ఉంది. గుమ్మంలో నిలబడ్డాడు.

"చెల్లె, ఒక్క మాట. బయటికి రా."

"ఇక్కడే సెప్పన్నా. ఆళ్ళకెలాగూ అర్దమవదు."

"ఇజ్జత్ పోతది. నా నౌకరి పోతది. నాకు ఇద్దరు పిల్లలున్నరు ఊర్ల."

"నీ పేరు నేను ఎత్తలేదన్నా. ఆ సాచ్చెంలో ఎక్కడైనా ఉందేమో ఇనుకో. పెట్టమననా?"

ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. వెళ్ళిపోలేదు. నోరా ఏం చేయాలో తెలియక రూతమ్మను చూసింది. రూతమ్మ పెట్టమంది. తెర మీద ముసుగు కదిలింది. మా తోమా తాగలేదండీ, వడదెబ్బకి పోయాడు. నోరా ఆపింది. పెన్ను పట్టుకుని ఎదురుచూసింది.

"నో డ్రింకింగ్" అంది రూతమ్మ. "తోమా నో డ్రింకింగ్. డై, బికాజ్..." ఆగిపోయింది. మాట లేదు. చేయి పైకెత్తి సూర్యుణ్ణి చూపించింది, నెత్తి మీద కొట్టుకుంది, కింద పడ్డట్టు చూపించింది.

"వేడి?" అంది నోరా. "అలసట?"

"నో, నో." రూతమ్మ గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. నర్సు అయిన మోరీన్‌కు అర్థమయ్యే ఉండాలి. ఏదో చెప్పబోయి, గుమ్మం వైపు చూసి, నోరు మూసుకుంది. రూతమ్మ గుమ్మం ముందు ఆగింది.

"అన్నా, వడదెబ్బని ఇంగిలీసులో ఏటంటారు?"

ఎలియేజరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పెరట్లో చల్లగాలి మిషను గొణుగుతోంది. కాగితం మీద గుండె అని ఉంది. ఆ కాగితం వెంట విమానం దాకా వెళ్ళిన మనిషి ఈయన.

"నీకు తెల్దా అన్నా?"

"ఎర్కే" అన్నాడు. నోరాకేసి తిరిగి, స్పష్టంగా చెప్పాడు. "సన్ స్ట్రోక్."

నోరా రాసుకుంది. పలుకుతూ రాసుకుంది. మోరీన్ ఐరిష్ మాట చెప్పింది. ఆ మాట ఏమిటో రూతమ్మకు తెలియదు, కానీ రెండుసార్లు పలికించుకుని విన్నది.

"ఇప్పుడు నీళ్ళ సంగతి" అంది రూతమ్మ, తెరకేసి తిరిగి. "వాటర్. మార్నింగ్ వాటర్, టెన్ ఓ క్లాక్ ఫినిష్."

"గట్ల కాదు" అన్నాడు ఎలియేజరు వెనకనుంచి.

రూతమ్మ చటుక్కున తిరిగింది. ఆవిడ కళ్ళల్లో కోపం చూసి ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు తప్పు చెప్తున్నవని కాదు చెల్లె. నీకు సగమే ఎర్క. పొద్దుగాల్ల గాళ్ళు డబ్బాల్ల తీస్కపోయిన నీళ్ళు పదింటికే ఒడిసినయి. తర్వాత ట్యాంకర్ రావాలె. రాలే. నేను రెండుసార్లు ఫోన్ జేసిన. రేపు పంపిస్తమన్నరు. రేపటిదాకా పని ఆపుదామంటె మేనేజర్ ఇనలే."

తెలుగు రాని నోరా పెన్ను పక్కన పెట్టింది.

"ఇది నాకు తెల్దన్నా" అంది రూతమ్మ.

"నీకెట్ల తెలుస్తది?"

"అయితే నేను సెప్పకూడదు. నేను సూళ్ళేదు కదా." పక్క గదిలోకి వెళ్ళి కెమెరా పెట్టె తెచ్చి నోరా ముందు పెట్టింది. "సూసింది నువ్వు. నువ్వే సెప్పాలి. మొకం వొద్దంటే నీ ఇష్టం, నేనేటీ అనను. సెప్పడం మాత్రం నీ నోటితోనే సెప్పు."

ఎలియేజరు గేటువైపు చూశాడు. గేటు తీసే ఉంది. యార్డు పికప్ బయట, ఇంజను ఆపకుండానే వచ్చినట్టుంది, కొట్టుకుంటోంది.

"ఆపొస్త" అని బయటికి వెళ్ళాడు.

పికప్ ఇంజను చప్పుడు ఆగింది. చాలాసేపు అడుగుల చప్పుడు వినిపించలేదు. నోరా కొత్త క్యాసెట్ విప్పింది. రూతమ్మ ఒక కుర్చీ తెచ్చి కిటికీ వెలుతురుకు వేసి, అది సరిగ్గా లేదని జరిపి, మళ్ళీ జరిపింది. ఆయన లోపలికి వచ్చి కుర్చీ చూశాడు.

"కూసోనా, నిలబడాల్నా?" అని అడిగాడు.

"సాచ్చెం కదన్నా" అంది రూతమ్మ. "నిలబడు."